ఆమెను తొందరపెట్టకండి, మీ కొంగుకు కట్టుకోకండి

ప్రశ్న: పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో ఉంటాను. పోయిన ఏడాది మా పాస్టరు గారు మంగళవారం గృహకూడిక నాకు అప్పగించారు. పదిమంది దాకా స్త్రీలు వస్తారు. వాళ్ళలో ఒకామెది క్రైస్తవ కుటుంబం కాదు. రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది. కొడుక్కి జ్వరం వచ్చినప్పుడు ప్రార్థన చేస్తే తగ్గిందని అప్పటినుంచీ వస్తోంది. "అక్కా, నాకు బాప్తిస్మం ఇప్పించండి" అంటోంది. భర్త మాత్రం, బొట్టు తీసేస్తే గుమ్మం తొక్కనివ్వనన్నాడట. కూడికలో వాళ్ళేమో "ఈస్టరుకే ఇప్పించెయ్యి, ఆలస్యం చేస్తే వెనక్కి పోతుంది" అంటున్నారు. ఆమె చిన్నదానికీ పెద్దదానికీ నాకే ఫోన్ చేస్తుంది. నేను పదో తరగతి వరకే చదివాను, బైబిల్ కాలేజీ ముఖం చూడలేదు. ఒకరిని విశ్వాసంలో నడిపించే అర్హత నాకుందా? ఏం చెయ్యమంటారు?
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

సోదరీ, చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. బైబిల్ కాలేజీ చదవలేదని వెనకాడకండి. అపొల్లో గొప్ప వక్త. అతనికి తెలియని సంగతి పక్కకు పిలిచి విడమరచి చెప్పింది ప్రిస్కిల్ల, అకుల (అపొస్తలుల కార్యములు 18:26). వాళ్ళు గుడారాలు కుట్టుకుని బతికే భార్యాభర్తలు. మన డెల్టాలో 1836లో నరసాపురం వైపు మొదలైన బ్రదరెన్ సంఘాలను ఊళ్ళో పెద్దలే నడుపుతూ వచ్చారు. లూథరన్, బాప్టిస్టు మిషన్ల కాలంలో బైబిల్ ఉమెన్ అని పిలిచిన స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి లేఖనం చదివి వినిపించారు. మీరు చేస్తున్నది ఆ పనే. కొత్తగా చేరినవాళ్ళకు పెత్తనం ఇవ్వొద్దని 1 తిమోతి 3:6 హెచ్చరిస్తుంది. మీ పాస్టరు గారు మిమ్మల్ని ఎరిగి అప్పగించారు గనక ఆ భయం వద్దు.

ఆమెకు బాప్తిస్మం ఈస్టరుకు అవుతుందా, మరుసటి ఏడాదికి అవుతుందా అన్నదాన్ని బట్టి మీ పరిచర్యను తూచకండి. మీరు ఊళ్ళో లేని రోజు ఆమె తనంతట తాను లేఖనం విని, తన మాటల్లో ప్రార్థించుకుని, "నేను ఫలానా కారణానికి యేసును నమ్ముతున్నాను" అని చెప్పగలగాలి. మీ ఉత్తరం చూస్తే అది ఇంకా జరగలేదు. ఆమె ఆనుకున్నది మీ మీద. అందులో ఆమె తప్పేమీ లేదు, కష్టంలో పలికిన మనిషినే ఎవరైనా పట్టుకుంటారు. ఆ చేతిని మెల్లగా క్రీస్తు చేతిలో పెట్టడం మీ పని.

అందుకు నేను చెప్పే దారి మార్కు సువార్త. పదహారు అధ్యాయాలే, నాలుగు సువార్తల్లోకీ చిన్నది. వారానికో అధ్యాయం అనుకోండి. మొదటిది, ఆరోది, పద్నాలుగోది పొడుగైనవి, వాటిని రెండేసి వారాలు చేసుకోండి. మొత్తం అయిదు నెలల్లోపు అయిపోతుంది. అంతా గంటకు మించొద్దు. తెల్లారకముందే షెడ్డుకి పోయే మనిషి రాత్రి తొమ్మిదింటికి తూగుతూ కూర్చుంటే అందులో భక్తి తక్కువేమీ లేదు, నిద్ర చాలకపోవడమే. పాత అనువాదంలో భాష ఆమెకు కొరుకుడు పడదు. వాడుక భాషలో ఉన్న బైబిలు ఒకటి పక్కన పెట్టుకోండి. చదవడం రాకపోతే ఫోనులో తెలుగు ఆడియో బైబిలు పెట్టి, ఒక్కో భాగాన్ని రెండుసార్లు వినిపించండి.

విన్నాక మూడు ప్రశ్నలే అడగండి. యేసు ఇక్కడ ఏమన్నాడు, ఏం చేశాడు? ఎదుటివాళ్ళు ఏం చేశారు? ఈ వారం నేను చెయ్యవలసింది ఏమైనా ఉందా? మూడోదానికి ఆమె ఇచ్చిన జవాబు నోటుబుక్కులో రాసుకుని, పై మంగళవారం కూడిక అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. గంటలో మీ మాట పది నిమిషాలు దాటకూడదు. ఇదే అన్నిటికన్నా కష్టం. ఎవరూ నోరు విప్పకపోతే మనకు భయమేసి ప్రసంగం మొదలుపెట్టేస్తాం. ఓపిక పట్టండి, ఎవరో ఒకరు మాట్లాడతారు.

ఉదాహరణకు రెండో అధ్యాయం మొదటి పన్నెండు వచనాలు తీసుకోండి. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొస్తారు, గుమ్మం దగ్గర జనం, దారి లేదు, ఇంటి కప్పు విప్పి పరుపుతో సహా దింపుతారు. ఇక్కడికి రాగానే మీ కూడికలో ఎవరో ఒకరు "చూశారా, విశ్వాసముంటే ఏ రోగమైనా తగ్గుతుంది" అంటారు. కాదని వాదించకండి, ఔనని తల ఊపకండి. "అతణ్ణి చూడగానే యేసు ముందుగా ఏమన్నాడో మళ్ళీ చదువుదాం" అనండి. అయిదో వచనంలో పాపాలు క్షమించబడ్డాయన్నాడు. లేచి నడవమన్నది పదకొండో వచనంలో. ఈ రెండింటి మధ్య ఆరు వచనాల దూరం ఉంది, శాస్త్రులు, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ళు, గుంజాటన పడుతున్నది అక్కడే. "నడవడానికి తెచ్చిన మనిషితో ముందు క్షమాపణ మాట ఎందుకెత్తాడు?" అని అడిగి ఊరుకోండి. కొడుకు జ్వరం తగ్గిందని వచ్చిన తల్లికి ఆ ప్రశ్న ముఖ్యం. జ్వరం దగ్గర మొదలైన ఆమె నమ్మకం క్షమాపణ దగ్గరికి వెళ్ళాలి. అక్కడికి వెళ్ళకపోతే, రేపు పిల్లాడికి మళ్ళీ జ్వరం వచ్చిననాడు యేసు మీద ఆశ పోతుంది. తొమ్మిదో అధ్యాయంలో ఇంకో పిల్లాడి తండ్రి నమ్ముతున్నాననీ, తన అపనమ్మకం పోయేలా సాయం చెయ్యమనీ ఒకే గుక్కలో అడుగుతాడు (9:24). ఆ వచనం ఆమెకు కంఠతా వచ్చేలా చూడండి. కలవరపడే తల్లికి అంతకన్నా నిజాయితీ గల ప్రార్థన నాకు కనబడదు.

ఇక ఫోన్ల సంగతి. ఆమె ఫోన్ చేసినప్పుడు వెంటనే ప్రార్థన అందుకోకండి. "ముందు నువ్వు రెండు మాటలు ప్రార్థించమ్మా, తర్వాత నేను" అనండి. మొదట్లో సిగ్గుపడుతుంది. దేవా అని పిలవడం, ఉన్న సంగతి చెప్పడం, అడగాల్సింది అడగడం, ఇంతే నేర్పండి. పరలోక ప్రార్థన ఒక్కో వాక్యంగా ఒక్కో వారం నేర్పితే రెండు నెలల్లోపు వచ్చేస్తుంది. రోజులో ఫలానా గంటన్నర మాట్లాడతానని చెప్పి ఆ మాట మీద నిలబడండి. ప్రాణం మీదికొస్తే 108కి చెయ్యాలి, మీకు తర్వాత. "అక్క ప్రార్థన చేస్తేనే తగ్గుతుంది" అని నలుగురిలో అన్నప్పుడు మీకు లోపల సంతోషం కలుగుతుంది. అలా అననివ్వకండి, అక్కడికక్కడే సరిచెయ్యండి. ఆ మాటను అలాగే పెరగనిస్తే అది మిమ్మల్నీ పాడుచేస్తుంది.

మందుల విషయంలో మెతకదనం పనికిరాదు. కూడికలో సాక్ష్యం చెప్పిన ఉత్సాహంలో బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, మూర్ఛ మందులు మానేసేవాళ్ళుంటారు. కొన్నాళ్ళు ఏమీ కానట్టే ఉంటే తగ్గిపోయిందనుకుంటారు, ఆ తర్వాత పక్షవాతంతోనో ఫిట్స్‌తోనో ఆసుపత్రి పాలవుతారు. టీబీ మందు మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుంది. యాకోబు 5:14 నూనె రాసి ప్రార్థించమంది గానీ మందు మానమనలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే (కొలొస్సయులకు 4:14). ఎవరికైనా ప్రార్థన చేసిన ప్రతిసారీ, "డాక్టరు చెప్పేదాకా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు" అని నోటితో చెప్పండి. మంగళవారం కూడికకు ఎప్పుడైనా కరపత్రం వేస్తే, రోగాలు తగ్గుతాయని అచ్చు వెయ్యకండి. మహిమలతో జబ్బు నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా, మన చేతిలో లేనిదాన్ని వాగ్దానం చెయ్యకూడదు.

భర్త సంగతికి వస్తాను. ఇక్కడ పొరపాటు జరిగితే ఒక కాపురం కూలుతుంది. నమ్మని భర్త కాపురం చెయ్యడానికి ఇష్టపడితే అతణ్ణి విడవొద్దని 1 కొరింథీయులకు 7:13, మాటలతో కాక నడవడితో గెలవమని 1 పేతురు 3:1. ఈ రెండూ ఆమెతో కూర్చుని చదవండి. అతనికి తెలియకుండా రమ్మని ఒక్కసారి కూడా చెప్పకండి. ఒకసారి దొంగచాటుగా వచ్చిన సంగతి బయటపడితే, ఆ తర్వాత నిజంగా కూడికకే వచ్చినా నమ్మడు. మంగళవారం కుదరదంటే, పగటిపూట ఇద్దరు స్త్రీలు వాళ్ళ అరుగు మీదే కూర్చుని, అతను వినేలా చదువుకోవచ్చు. మీరు, మీ ఆయన కలిసి ఒకసారి పలకరించి రండి. "ఏమండీ, పిల్లాడు ఎలా ఉన్నాడు" అని అడగండి, చెరువుల సంగతి, రొయ్యల రేటు మాట్లాడండి. సువార్త ఎత్తకండి. అతను అడిగితే చెప్పండి, అడిగినంతే చెప్పండి.

బొట్టు, పువ్వులు, మంగళసూత్రం, గాజులు తియ్యమని మీ కూడికలో ఎవరూ అనకూడదు. మీ సంఘం ఆచారం ఏదైనా సరే, విశ్వాసం ఇంకా వేళ్ళూనని మనిషి దగ్గర మొదట అడగవలసినవి అవి కావు. భర్త గొడవంతా బొట్టు చుట్టూ తిరుగుతోందని మీరే రాశారు. అంటే యేసు ఎవరన్న మాట ఆ ఇంట్లో ఇంకా మొదలే కాలేదు. ఇంట్లో దేవుడి పటాలు ఆమె ఒక్కదానివి కావు, అత్తగారివి, భర్తవి. వాటిని తియ్యమని గానీ తానే తీసెయ్యమని గానీ చెప్పడం వాళ్ళ మనసును గాయపరచడమే. అమ్మవారి జాతరకో సంక్రాంతికో చుట్టాలొస్తే పిండివంటల దగ్గర అత్తగారికి ఆమె ముందుండి సాయం చెయ్యనివ్వండి. ప్రసాదం గురించి అడిగితే 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు కలిసి చదవండి, తీర్పు ఆమె మనస్సాక్షికి వదలండి. పక్కింటివాళ్ళ దేవుళ్ళను ఎగతాళి చేసే మాట మీ కూడికలో వినబడితే వెంటనే ఆపండి. తన తల్లిదండ్రులను తిట్టే చోట ఎవరు కూర్చుంటారు?

భర్త కొడుతుంటే మాత్రం అణకువ పాఠాలు చెప్పకండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబరు ఆమెకు ఇవ్వండి. చచ్చిపోవాలనుందన్న మాట ఎవరి నోట విన్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ కలిపి మాట్లాడించండి, ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదలకండి.

ఇప్పుడు బాప్తిస్మం. కూడికలోని సోదరీమణులు ఐతియొపీయుడి సంగతి, ఫిలిప్పీ చెరసాల నాయకుడి సంగతి (అపొస్తలుల కార్యములు 8, 16 అధ్యాయాలు) ఎత్తుతారు. ఒకరు సువార్త విన్న రోజే, ఇంకొకరు విన్న రాత్రే బాప్తిస్మం పొందారు కదా అంటారు. నిజమే. మొదటి మనిషి యెరూషలేములో ఆరాధించి వస్తూ యెషయా చదువుకుంటున్నాడు. రెండో చోట ఇంటిల్లిపాదీ కలిసి విన్నారు. మీ దగ్గర ఈ రెండూ లేవు. తొలి శతాబ్దాల సంఘాలు నెలల తరబడి, కొన్నిచోట్ల మూడేళ్ళ దాకా బోధించాకే బాప్తిస్మం ఇచ్చాయి. మార్కు పదో అధ్యాయంలో ధనవంతుణ్ణి యేసు ప్రేమించాడని రాసి ఉంది. అయినా అతను వెళ్ళిపోతుంటే వెంటపడలేదు, ఖరీదు తగ్గించి చెప్పలేదు.

మార్కు ఎనిమిదో అధ్యాయం అయ్యాక, "నన్ను ఎవరని అంటున్నారు" అన్న ప్రశ్నా సిలువ ఎత్తుకోవడం గురించిన మాటా చదివాక, ఆమెతో విడిగా కూర్చోండి. యేసు ఎవరో, ఎందుకు చనిపోయాడో తన మాటల్లో చెప్పమనండి. వల్లించిన పదాలు వద్దు, షెడ్డులో పక్కన కూర్చునే ఆమెకు చెప్పినట్టు చెప్పమనండి. రేపు పిల్లాడికి మళ్ళీ జబ్బు చేసి తగ్గకపోతే అప్పుడు కూడా ఈయనే కావాలా అని అడగండి. డబ్బు, ఉద్యోగం, పిల్లాడికి హాస్టల్ సీటు లాంటివి ఎవరైనా ఆశ పెట్టారా అని కూడా అడగండి. పెట్టినట్టు తెలిస్తే అక్కడే ఆగి పాస్టరు గారికి చెప్పండి. జవాబులు తడబడితే ఫెయిలైనట్టు చూడకండి, ఏ భాగం మళ్ళీ చదవాలో తెలిసిందంతే.

ఇంకొకటి చాలామంది చెప్పకుండా దాటేస్తారు. ఆమె షెడ్యూల్డు కులం మనిషి అయితే, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఉంటుంది. క్రైస్తవ మతంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. పిల్లాడి చదువు, స్కాలర్‌షిప్పు, ఇంటి స్థలం అన్నిటి మీదా దీని ప్రభావం ఉండొచ్చు. ఇది న్యాయమా కాదా అన్న వాదన వేరే. బాప్తిస్మానికి ముందే ఆమెకూ ఆమె భర్తకూ ఇది తెలియాలి. వివరాలు తహసీల్దారు ఆఫీసులోనో, తెలిసిన వకీలు దగ్గరో కనుక్కోమనండి. "సర్టిఫికెట్టులో ఒకటి, గుళ్ళో ఒకటి ఉంచుకో, ఎవరికీ తెలీదులే" అన్న సలహా మాత్రం మీ నోట రానివ్వకండి. అబద్ధంతో మొదలుపెట్టించి సత్యంలోకి నడిపించలేం. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని లూకా 14:28లో ఉన్నది ఇలాంటి వేళకే.

కూడిక గురించి కొన్ని మాటలు. ప్రార్థన అంశాల పేరుతో ఎదుట లేని వాళ్ళ కాపురాలు వీధిన పడతాయి. ఎవరికి వారు తమ సంగతే చెప్పుకోవాలని నియమం పెట్టండి. ఆమె భర్త గురించిన మాట వాట్సాప్ గ్రూపులో ఒక్క అక్షరం కూడా రాకూడదు. అది ఆయన ఫోనుకు చేరడానికి పూట పట్టదు. కానుక పడితే ఇద్దరు కలిసి లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టి ఆ వారమే సంఘానికి జమ చెయ్యండి. పౌలు అంతటివాడు చందా సొమ్ము మోయడానికి పక్కన మనుషుల్ని పెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8:20). కూడికలో వాళ్ళకు అప్పు ఇవ్వకండి, వాళ్ళ దగ్గర తీసుకోకండి, డ్వాక్రా వాయిదాల పంచాయతీ మంగళవారానికి తేకండి. డబ్బు మధ్యలోకొస్తే బాకీ పడ్డామె ముందు కూడికకు రావడం మానేస్తుంది, దేవుడి సంగతి ఆ తర్వాత. మైకు పెట్టాలంటే అనుమతి కావాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ అసలు పెట్టకూడదు. పదిమంది కూర్చునే గదికి మైకు అక్కర్లేదు.

పన్నెండు మంది దాటితే రెండుగా విడదీయండి. నిర్గమకాండం 18లో మోషే మామ పదిమందికొక నాయకుణ్ణి పెట్టమన్నాడు. ఆ రెండో కూడికకు మనిషి కావాలి గనక ఇప్పటినుంచే ఒకామెను తయారుచెయ్యండి. మొదటి నెల మూడు ప్రశ్నలు ఎలా అడుగుతున్నారో గమనించమనండి. రెండో నెల సగం ఆమె నడపాలి. మూడో నెల అంతా ఆమే, మీరు పక్కన నోరు మెదపకుండా కూర్చోవాలి. నాలుగో నెల ఒక మంగళవారం మీరు వెళ్ళకండి. ఊడ్పుల్లో, కోతల్లో, షెడ్డుకి సరుకు ఎక్కువొచ్చిన రోజుల్లో నలుగురే వస్తారు. వెనకబడ్డారని మందలించకండి, ఆ నలుగురితోనే చదవండి.

ఇవన్నీ అయ్యాక ఆమె అడుగుతూనే ఉంటే పాస్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళండి. బాప్తిస్మం ఇచ్చే నిర్ణయం ఆయనదీ సంఘ పెద్దలదీ, మీది కాదు. ఆ రోజు భర్తను కూడా పిలవమని ఆమెతో చెప్పండి. రాకపోయినా పిలుపు వెళ్ళాలి.

మీ సంఘం ముంచి ఇచ్చేదైతే తేదీ ఖాయం చేసేముందు నీళ్ళు చూసుకోండి. వేసవిలో కాలువలు కట్టేశాక రేవుల్లో బురదే మిగులుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరిలో దిగొద్దు, ఎర్రనీటి వరదకు పాయల్లో ఉరవడి ఎక్కువ, నిన్నటి లోతు ఇవాళ ఉండదు. వశిష్ఠ పాయలో నరసాపురం వైపు అయితే పోటు, పాటు వేళలు పడవవాళ్ళను అడిగి, నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు దిగాలి. ముందురోజు ఒక మగమనిషి దిగి అడుగు చూసి, నడుము లోతు దగ్గర కర్ర పాతాలి. నీళ్ళలో పాస్టరు గారితో పాటు ఇంకొకరు ఉండాలి. ముదురు రంగు నూలు చీరకు పిన్నులు గట్టిగా పెట్టించండి, గట్టు మీద పొడి బట్టలు పట్టుకుని మీరు నిలబడండి. కాలువ, గోదావరి రెండూ కుదరకపోతే చర్చి తొట్టి ఉంది, అదీ లేకపోతే పక్క ఊరి సంఘాన్ని అడగొచ్చు.